కార్డుంది సరే, రేడియో ఏ దేశంలో బాగవుతుంది?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇంటికి రేడియో వచ్చే దారులు రెండు. పట్నం దుకాణంలో కొని తెచ్చుకోవడం ఒకటి. దుబాయికో, మస్కట్‌కో, అమెరికాకో పోయిన మనిషి సెలవు మీద వస్తూ పెట్టెలో పెట్టుకు రావడం రెండోది. దుకాణంలో కొన్న సెట్టు చెడిపోతే అదే దుకాణానికి ఎత్తుకుపోతాం. విమానంలో వచ్చిన సెట్టు చెడిపోయినప్పుడే చిక్కు. పెట్టెలో గ్యారంటీ కార్డు భద్రంగా ఉంటుంది. గడువు ఇంకా మిగిలే ఉంటుంది. కంపెనీ పేరు మన దగ్గర అందరికీ తెలిసిందే. అయినా హైదరాబాద్‌లోని సర్వీసు సెంటరుకు తీసుకుపోతే, ‘ఇది ఇక్కడ అమ్మిన సెట్టు కాదు, కొన్న దేశంలోనే ఇవ్వాలి’ అనే జవాబు రావచ్చు.

ఆ జవాబు విన్నాక ఇంటివారి ముందు మూడు దారులుంటాయి. సెట్టును దేశం దాటించి కంపెనీకి పంపడం, ఊళ్లో మెకానిక్కు చేతిలో పెట్టడం, లేదా అటక ఎక్కించడం. దేశం దాటించి పంపాలనుకునేవారు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. సెట్టు మన దేశం నుంచి మరమ్మతు కోసమే పోయిందని చూపే కాగితం చేతిలో లేకపోతే, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ వారు దాన్ని బయటి నుంచి వచ్చిన మామూలు సరుకుగానే లెక్కిస్తారు. మొత్తం ఖరీదు మీద సుంకం పడుతుంది. ఉచితంగా బాగుచేయించుకోబోయి చేతి డబ్బు పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

కార్డులో ముందు చూడవలసింది

మనవాళ్లు కార్డులో సంవత్సరాలు చూస్తారు. ఒక సంవత్సరమా, రెండా, మూడా అని. దాని కింద సన్నని అక్షరాల్లో ఉండే దేశం పేరు చూడరు. అసలు కీలకం అక్కడే ఉంది. కొన్ని కంపెనీల పూచీ, సెట్టు ఏ దేశంలో అమ్ముడైందో ఆ దేశానికే పరిమితం. గల్ఫ్ దేశాల్లో అమ్మే సరుకుకు ఆ దేశాలన్నిటికీ కలిపి ఒకే పూచీ ఇచ్చే కంపెనీలున్నాయి. ఏ దేశంలో కొన్నా మరో దేశంలో బాగుచేసే పూచీని అంతర్జాతీయ వారంటీ అంటారు. ఆ మాట కార్డు మీద స్పష్టంగా ఉంటేనే నమ్మాలి. దుకాణదారు నోటిమాటగా చెబితే అది పూచీ కాదు.

కార్డు మీద అమ్మిన దుకాణం ముద్ర, కొన్న తేదీ, సెట్టు సీరియల్ నంబరు ఉండాలి. సీరియల్ నంబరు సెట్టు వెనుకనో, బ్యాటరీ గదిలోనో ముద్రించి ఉంటుంది. రెండూ ఒకటేనా అని కొన్ననాడే సరిచూసుకోవాలి. అసలు బిల్లు లేకపోతే చాలా కంపెనీలు కార్డును పట్టించుకోవు. పెట్టె, అట్ట, బిల్లు అక్కడే పారేసి సెట్టు ఒక్కటే సంచీలో పెట్టుకొచ్చే అలవాటు మనవారిలో ఉంది. బరువు తగ్గుతుంది, నిజమే. పెట్టెను వదిలినా ఫర్వాలేదు గానీ బిల్లును మాత్రం వదలరాదు.

ఇంకో సంగతి. పూచీ గడువులో సెట్టును బయటి మెకానిక్కు విప్పితే ఇక తమకు సంబంధం లేదని చాలా కార్డుల్లో రాసి ఉంటుంది. అందుచేత దేశం దాటించాలా, ఊళ్లో ఇవ్వాలా అనేది స్క్రూ విప్పక ముందే తేల్చుకోవాలి.

చెడిపోయిందని ఎవరన్నారు?

బయటి దేశపు సెట్టు మూగబోయినప్పుడు అది చెడిపోయిందనే అనుకుంటాం. చాలాసార్లు చెడిపోయి ఉండదు. మన దేశపు పద్ధతికి దాన్ని మార్చుకోకపోవడమే కారణం అవుతుంది. ఖర్చు పెట్టి సముద్రాలు దాటించే ముందు ఇంట్లోనే చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది మీడియం వేవ్ అడుగుల లెక్క. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్ ఎడంతో అమర్చారు. అమెరికాలో ఆ ఎడం 10. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం 738 మీద ఉంటుంది. 738ని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 82 వస్తుంది. అమెరికా లెక్కకు పెట్టిన డిజిటల్ సెట్టు 730 మీద ఆగుతుంది, అక్కడి నుంచి 740కి దూకుతుంది. 738 మీద నిలవదు. స్టేషన్ గీరగా, పక్కకు జరిగినట్టు వినిపిస్తుంది. సెట్టు పాడైందని పాపం అందరూ అనుకుంటారు. ఇలాంటి చాలా సెట్లకు వెనుకనో, బ్యాటరీ గదిలోనో 9, 10 అని రాసిన చిన్న మీట ఉంటుంది. కొన్నిటిలో రెండు బొత్తాములు కలిపి నొక్కి మార్చాలి. ఆ పద్ధతి సెట్టుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఉంటుంది. పాతకాలపు ముల్లు తిప్పే సెట్లకు ఈ బాధ లేదు. ముల్లు ఎక్కడైనా ఆగుతుంది.

రెండోది కరెంటు. మన ఇళ్లలో 230 వోల్టులు. అమెరికాలో సుమారు 120, జపానులో 100. అక్కడికని చేసిన సెట్టును నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అది కంపెనీ లోపం కాదు గనుక పూచీ వర్తించదు. అడాప్టరు మీద 100 నుంచి 240 అని రాసి ఉంటే భయం లేదు. ఒక్క 110 అనో, 120 అనో ఉంటే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా పెట్టరాదు.

మూడోది ఎఫ్ఎం. మనకు ఎఫ్ఎం స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య వస్తాయి. జపానులో వాడేందుకు చేసిన పాత సెట్లు 76 నుంచి 90 దాకానే పట్టుకుంటాయి. అలాంటిదానిలో మన స్టేషన్లు చాలావరకు రావు. దాన్ని ఏ దేశం పంపినా బాగుచేసి ఇచ్చేది ఏమీ ఉండదు.

నాలుగోది సెల్లులు. వాడని రోజుల్లో సెల్లులు సెట్టులోనే ఉంచితే కారుతాయి. స్ప్రింగులకు పచ్చగానో తెల్లగానో పొర కడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే చాలాసార్లు సెట్టు మళ్లీ మాట్లాడుతుంది.

ఇవన్నీ చూసినా పలకకపోతే అప్పుడు కార్డు తీయాలి. అప్పుడైనా సెట్టు ధర, రానుపోను ఖర్చు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. వెయ్యి, రెండు వేల రూపాయల రేడియోను విమానంలో పంపడం గుర్రం కంటే జీను ఖరీదైన వ్యవహారం. ఊళ్లోనో, మండల కేంద్రంలోనో మంచి మెకానిక్కు ఉంటే ఆయన చేతిలో పెట్టడమే మేలు. ఖరీదైన సెట్లు, ఇక్కడ స్పేరు సామాను దొరకని సెట్లు అయితేనే దేశం దాటించే ఆలోచన చేయాలి.

పాత నాకాలు, కొత్త నాకాలు

సరిహద్దు సుంకం మన ప్రాంతానికి కొత్త కాదు. నిజాం పాలనలో హైదరాబాద్ సంస్థానానికి సొంత కస్టమ్స్ ఉండేది. దాన్ని కరోడ్‌గిరి అనేవారు. కృష్ణ, తుంగభద్రల అవతల బ్రిటిష్ ఇలాకా. అటు నుంచి ఇటు వచ్చే సరుకు మీద నూటికి ఐదు వంతున సుంకం వసూలు చేసేవారు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక ఆ ఏర్పాటు కాలగర్భంలో కలిసిపోయింది.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాక కృష్ణ, తుంగభద్రలు మళ్లీ రెండు రాష్ట్రాల మధ్య ఎల్లలయ్యాయి. కానీ కరోడ్‌గిరి రాలేదు. అలంపూర్ మనిషి తుంగభద్ర దాటి కర్నూలులో, మక్తల్ మనిషి కృష్ణ దాటి రాయచూరులో, కోదాడ మనిషి జగ్గయ్యపేటలో రేడియో బాగుచేయించుకు రావచ్చు. ఎవరూ సుంకం అడగరు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల మధ్య అమ్మకం పన్ను చెక్‌పోస్టులు కూడా పోయాయి. 50 వేల రూపాయలు దాటిన సరుకు రవాణాకు ఈ-వే బిల్లు అనే కాగితం ఉంది గానీ, ఇంట్లో వాడిన సొంత సామానుకు అది అక్కరలేదు. దేశంలో అమ్మిన సెట్టుకు కంపెనీ ఇచ్చిన పూచీ సాధారణంగా దేశమంతటా చెల్లుతుంది. కాబట్టి రాష్ట్రం దాటడానికి సంకోచించనక్కరలేదు.

మిగిలింది దేశం ఎల్ల. నాకా అక్కడ ఇంకా ఉంది. దాని లెక్కలు దానికున్నాయి.

కస్టమ్స్ లెక్క ఏమిటి?

మన దేశపు కస్టమ్స్ చట్టం 1962 నాటిది. దేశం నుంచి బయటికి పోయిన వస్తువు తిరిగి వస్తే, అది కూడా దిగుమతి కిందికే వస్తుందని ఆ చట్టం చెబుతుంది. ఒకసారి సుంకం కట్టిన వస్తువే కదా అనే వాదన అక్కడ నిలవదు. అయితే మరమ్మతు కోసం పంపి తెచ్చుకునేవారికి ప్రభుత్వం నోటిఫికేషన్ల ద్వారా రాయితీ ఇస్తూ వచ్చింది. 2017 జూన్ 30న జీఎస్టీ సందర్భంగా వెలువడిన నోటిఫికేషన్‌లో ఆ పద్ధతి ఇలా ఉంది. సుంకం సెట్టు మొత్తం ఖరీదు మీద కాదు. మరమ్మతుకు అయ్యే న్యాయమైన ఖర్చు, వేసిన సామాను విలువ, రానుపోను రవాణా, బీమా, ఈ మొత్తం మీదే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కంపెనీ పూచీ కింద ఉచితంగా బాగుచేసినా సరే, ఆ పనికి బయట ఎంత అయ్యేదో ఆ విలువను లెక్కలో కలుపుతారు. ఖర్చు నిజంగా పెట్టినా పెట్టకపోయినా కలపాలని నియమంలోనే రాసి ఉంది. కాబట్టి ‘నేను పైసా ఇవ్వలేదు, నాకు సుంకమెందుకు’ అంటే కుదరదు.

లెక్క అర్థం కావడానికి ఉజ్జాయింపు అంకెలు తీసుకుందాం. సెట్టు ఖరీదు 40 వేలు. మరమ్మతు విలువ 4 వేలు. రానుపోను రవాణా, బీమా కలిపి 6 వేలు. కాగితాలు సరిగా ఉంటే సుంకం 10 వేల మీద లెక్కగడతారు. కాగితాలు లేకపోతే 40 వేల మీద, దానికి తోడు రవాణా మీద లెక్కగడతారు. నాలుగింతలు దాటిన తేడా. ఈ తేడా అంతా సెట్టు బయటికి పోయిన రోజున రాయించుకున్న కాగితం మీద ఆధారపడి ఉంది.

రాయితీకి షరతులు ముఖ్యంగా మూడు. పోయిన సెట్టూ వచ్చిన సెట్టూ ఒకటే కావాలి. మధ్యలో యజమాని మారకూడదు. గడువులోపల తిరిగి రావాలి. ఈ గడువు ఒకప్పుడు మూడు సంవత్సరాలు. పూచీ కింద మరమ్మతుకు పోయిన వస్తువులకు దీన్ని ఐదు సంవత్సరాలకు పెంచుతున్నట్టు 2024 జూలై 23న పార్లమెంటులో బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు.

మొదటి షరతు దగ్గర చాలామంది దెబ్బతింటారు. పూచీ కింద పాత సెట్టు ఉంచుకొని మరో సెట్టు పంపే అలవాటు కంపెనీలకు ఉంది. మనకు లాభమే అనిపిస్తుంది. కానీ సీరియల్ నంబరు మారితే అది మరమ్మతైన మన సెట్టు కాదు, వేరే సెట్టు. మరమ్మతు రాయితీ దానికి వర్తించదు. అందుకే పంపేటప్పుడే ‘ఇదే సెట్టును బాగుచేసి పంపండి’ అని ఉత్తరంలో రాయాలి. మార్చి ఇచ్చేటట్లయితే ముందుగా తెలియజేయమనాలి.

పంపేవారు చేయవలసిన పని

ముందు కంపెనీకి రాసి, సెట్టు పంపమని అనుమతి ఉత్తరం తెప్పించుకోవాలి. చెప్పకుండా పంపిన పార్సెలును తీసుకోని కంపెనీలున్నాయి. సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోవాలి. బిల్లు, కార్డు నకళ్లు రెండు జతలు చేయించాలి. ఒక జత పార్సెల్‌లో, ఒక జత ఇంట్లో.

కొరియరు వారికి గానీ, కస్టమ్స్ ఏజెంటుకు గానీ ఇచ్చేటప్పుడు ఇది మరమ్మతుకు పోయి తిరిగి వచ్చే వస్తువని నోటితో చెప్పి ఊరుకోరాదు. ఎగుమతి కాగితంలోనే ఆ మాట, సీరియల్ నంబరు రాయించాలి. ‘అమ్మకానికి కాదు, మరమ్మతు కోసం’ అని ఇన్వాయిసు మీద కూడా ఉండాలి. అది లేకపోతే అవతలి దేశపు కస్టమ్స్ వారు తమ వంతు సుంకం అడుగుతారు. సొంత వాడకపు వస్తువు గనుక వ్యాపారులకు అవసరమైన ఎగుమతి దిగుమతి కోడు నంబరు మామూలు మనిషికి అక్కరలేదు. వివరాలు కస్టమ్స్ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి.

గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లకు ఇంతకంటే సులువైన దారి ఒకటుంది. సెలవు అయిపోయి తిరిగి పోయేటప్పుడు ఆయనే సెట్టును వెంట తీసుకుపోవచ్చు. శంషాబాద్ విమానాశ్రయంలో విమానం ఎక్కే ముందు కస్టమ్స్ కౌంటరు దగ్గర సెట్టు చూపించి ఎగుమతి ధ్రువపత్రం అడగాలి. దాన్నే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అంటారు. విలువైన వస్తువులు తీసుకుపోయి తిరిగి తెచ్చుకునే ప్రయాణికుల కోసమే ఆ ఏర్పాటు ఉంది. సెట్టు పెద్ద పెట్టెలో పడి బెల్టు మీద వెళ్లిపోయాక అడిగితే లాభం లేదు. చేతిలో ఉండగానే చూపించాలి. అక్కడ కొన్న దుకాణంలోనే బిల్లు చూపి బాగుచేయించుకొని, మళ్లీ సెలవుకు వచ్చేటప్పుడు ఆ పత్రంతో తెచ్చుకోవచ్చు. ఆలస్యమవుతుంది గానీ కొరియరు ఖర్చు తప్పుతుంది.

ఉబ్బిన బ్యాటరీ విమానమెక్కదు

ఈ కాలపు చిన్న రేడియోల్లో, చేతి వైర్‌లెస్ సెట్లలో లిథియం బ్యాటరీ ఉంటుంది. వేడెక్కితే మంటలు లేచే స్వభావం దానిది. విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానంలో సరుకుగా తీసుకోవడం 2016 ఏప్రిల్ నుంచి ప్రపంచమంతటా నిషేధం. సరుకుల విమానంలోనైనా ఛార్జి నూటికి ముప్పై వంతులు మించకూడదు. సెట్టులోనే బిగించి ఉన్న బ్యాటరీకి వేరే నియమాలున్నాయి. కానీ ఉబ్బిన, కారిన, లోపమున్న బ్యాటరీని మాత్రం సెట్టులో ఉన్నా, విడిగా ఉన్నా విమానంలో పంపరాదు. చెడిపోయింది బ్యాటరీయే అయితే దాన్ని పంపడం అసాధ్యమనే అనుకోవాలి. బ్యాటరీ తీయడానికి వీలున్న సెట్టయితే తీసి, సెట్టు ఒక్కటే పంపాలి. లోపల బ్యాటరీ ఉందన్న సంగతి దాచి పార్సెలు కట్టడం నేరమే కాదు, విమానంలోని మనుషుల ప్రాణాలతో చెలగాటం.

వినే సెట్టు వేరు, మాట్లాడే సెట్టు వేరు

ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది. 1980ల నడుమ అది రద్దయింది. వినే సెట్టుకు ఇప్పుడు లైసెన్సు లేదు. మాట్లాడే సెట్టు సంగతి వేరు. వాకీటాకీ వంటివాటికి ఏ తరంగాల మీద, ఎంత శక్తితో పలుకుతుందనే దాన్నిబట్టి అనుమతులు కావాలి. కొద్దిపాటి శక్తితో పనిచేసే కొన్నిటికి మాత్రమే లైసెన్సు మినహాయింపు ఉంది. అనుమతి లేని వాకీటాకీలు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మేలో అమ్మకపు వేదికలకు మార్గదర్శకాలు జారీ చేసింది. పొలం దగ్గర వాడుకుందామని చౌకగా తెప్పించినవారు ఈ సంగతి గమనించాలి. అలాంటి సెట్టు మరమ్మతుకు దేశం దాటితే, తిరిగి వచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర అనుమతి కాగితం అడుగుతారు.

దేశం దాటించి బాగుచేయించుకోక తప్పని వారు ముఖ్యంగా హామ్ రేడియో వారు. వీరు వ్యాపారం కోసం కాకుండా, పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు పొంది, సొంత వైర్‌లెస్ సెట్లతో దేశదేశాల వారితో మాట్లాడే అభిరుచి కలవారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీకి కూడా ఈ లైసెన్సు ఉండేది. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో ఏర్పడింది. హామ్‌లు వాడే పెద్ద సెట్లలో పేరుపడ్డవి యేసు, ఐకామ్, కెన్‌వుడ్ వంటి జపాను కంపెనీలవి. తేవడానికే అనుమతి కావాలి. చెడిపోతే స్పేరు సామాను సముద్రం దాటి రావాలి, లేదా సెట్టే పోవాలి.

ఇందులో సరదా ఒక్కటే లేదు. 2004 డిసెంబరులో హైదరాబాద్ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ బృందం హామ్ సెట్లతో అండమాన్‌కు వెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో కేంద్రం పెట్టింది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. మామూలు ఫోన్లు దెబ్బతిన్న ఆ రోజుల్లో ఆ సెట్ల ద్వారానే ఎందరో క్షేమ సమాచారాలు ప్రధాన భూమికి అందాయి. ఆ సెట్లు ఆ నెలలో మరమ్మతుకు పోయి ఏ కస్టమ్స్ గిడ్డంగిలోనో పడి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

మనకూ అలాంటి రాత్రులు వచ్చాయి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలు పట్టణాన్ని, ఇవతల అలంపూర్, రాజోలి వంటి ఊళ్లను ముంచాయి. కరెంటు పోయింది, ఫోన్లు పలకలేదు. అటువంటప్పుడు సెల్లులతో నడిచే చిన్న రేడియో ఇంట్లో ఉంటే ఏ గేట్లు ఎత్తారో, నీరు ఎంత వస్తోందో వినవచ్చు. రేడియోను అటక మీద పడేసి ఊరుకోవద్దనడం ఇందుకే.

పాలమూరు చూసిన ఒక ఏర్పాటు

సెట్టు ఇచ్చేవాడే బాగుచేసే మనిషిని కూడా ముందే సిద్ధం చేసిన సందర్భం ఒకటి మన జిల్లాలోనే జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ‘సైట్’ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఉపగ్రహం మనది కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6ను ఏడాదికి అరువు తెచ్చుకున్నాం. కానీ గ్రామాల్లో పెట్టిన టీవీ సెట్లు హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. తయారు చేసినవి. గొడుగులాంటి ఏంటెన్నా కోళ్ల గూడుకు వాడే జాలీతో చేసినది, పది అడుగుల వెడల్పు. సెట్లు చెడితే పోయి చూసేందుకు ఇస్రో వారు ప్రాంతాలవారీగా మరమ్మతు కేంద్రాలు పెట్టారు. మట్టి రోడ్ల ఊళ్లలో దుమ్ములో, ఎండలో ఉన్న సెట్లను ఏడాది పొడుగునా నడిపించగలగడం ఆ ప్రయోగానికి వచ్చిన మంచి పేర్లలో ఒకటి.

ఏడాది గడవగానే ఉపగ్రహాన్ని అమెరికా వెనక్కి తీసుకుంది. కార్యక్రమాలు ఆగిపోయాయి. మన చేతిలో ఉన్నంత మేరకు, అంటే సెట్టు, జాలీ, మెకానిక్కు మేరకు పని సజావుగా నడిచింది. మన చేతిలో లేనిది వాళ్లు అనుకున్న రోజున వెళ్లిపోయింది. ఇంట్లో రేడియో కొనేవారికి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

ఎక్కడ అడగాలి?

మన దేశంలో కొన్న సెట్టుకు పూచీ ఉండి కూడా బాగుచేయకుండా తిప్పుతుంటే ఊరుకోనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. దుకాణం హైదరాబాద్‌లో ఉన్నా, కంపెనీ ముంబైలో ఉన్నా నల్లగొండలో ఉండేవారు నల్లగొండ జిల్లా కమిషన్‌కే పోవచ్చు. సమస్య మొదలైన రెండేళ్లలోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఐదు లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో సంగతి చెప్పుకోవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

ఆన్‌లైన్‌లో కొన్నవారికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు అండగా ఉన్నాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. వస్తువు ఏ దేశంలో తయారైందో అమ్మే చోటే చూపాలి. దుబాయి దుకాణంలో కొన్న సెట్టు విషయంలో మాత్రం మన జిల్లా కమిషన్‌తో పని జరగడం కష్టం. అక్కడి దుకాణాన్ని అక్కడ ఉన్న మనిషే అడగాలి. అందుకే బిల్లు ఆయన పేరిట, ఆయన దగ్గర ఒక నకలు ఉండటం అవసరం.

కొనే రోజున

దుకాణంలో ధర బేరమాడతాం, రంగు చూస్తాం, గొంతు పెంచి వింటాం. దానితో పాటు ఇంకో ప్రశ్న వేయడం అలవాటు చేసుకోవాలి. ‘సేటూ, ఇది చెడిపోతే ఏడ బాగుచేస్తరు? ఆ జాగా పేరు బిల్లు మీద రాసియ్యి’ అని అడగాలి. గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు, తమ్మునికి ఫోను చేసినప్పుడు కూడా ‘రేడియో తెచ్చేటట్లుంటే ఇండియాలో చెల్లే కార్డున్నది చూసి తే, బిల్లు పారెయ్యకు’ అని చెప్పాలి.

ఇప్పటికే ఇంట్లో బయటి సెట్టు ఉన్నవారు ఈ వారమే కార్డు, బిల్లు వెతికి తీసి, సీరియల్ నంబరు ఒక కాగితం మీద రాసి, మూడూ కలిపి భూమి పట్టాలు పెట్టుకునే పెట్టెలో దాచుకోవాలి. సెట్టు పలకడం మానేసిన రోజున వెతకడం మొదలుపెడితే ఆ కాగితాలు దొరకవు.